కొర్లగుంట ఇస్త్రీ బండి కాడ, ఓడెక్కబోయే మునిరత్నం మామకు

మొదట ఆ చిన్న ఇస్త్రీ పెట్టెను తీసెయ్ మామా,
ఓడ వాకిట్లోనే పెరుక్కుంటారు.
అన్ని నీళ్ళ మీద పోయే ఓడకు
భయమంతా నిప్పంటేనే.
తొమ్మిదేండ్లు దాని అడుగంతస్తులో
దుప్పట్లు ఉతికి మడతబెట్టినోణ్ణి,
బొగ్గులు రాజుకునేలోగా రవంత విను.

వీసా ఒక్క తూరికే అడగొద్దు.
నడాన టర్కీ రేవు తగిలితే
బయటికి పొయ్యి మళ్ళా లోపలికొచ్చినట్టు లెక్క.
ఓడ కదిలే రోజే విమానం దిగుతానంటే ఎట్లా?
రేణిగుంటలో రైలు తప్పితే ఇంకో రైలుండాది,
ఓడ తప్పితే తర్వాతి రేవుదాకా ఖర్చు నీదే.
ముందురోజే పొయ్యి ఆ ఊర్లో పడుకో.

పెద్దపెట్టె రేవులో ఇచ్చేస్తారు,
అది రూముకొచ్చేసరికి చీకటి పడొచ్చు.
ధనభాగ్యమత్త బీపీ మాత్రలు, నీ చక్కెర మాత్రలు,
ఒక జత గుడ్డలు, చేతిసంచిలో.
రూము ఓడ నడిమధ్యన తీసుకో, కిందపక్క.
పైనుంచి చూసేదానికి బాగుంటాది,
అల లేస్తే ఉయ్యాల గూడా పైనోళ్ళకే.

రోము రోము అని ఎచ్చులు పోతా ఉండావే,
ఓడ ఆగేది రోములో కాదు.
చిత్తూర్లో దించి
ఇదే తిరుపతి అన్నట్టు.
ఆణ్ణించి రైల్లో గంటపైన.
సాయంత్రం ఆరుకి కదుల్తుందంటే
ఐదున్నరకే తలుపు మూస్తారు,
నువ్వు నాలుక్కే వచ్చెయ్.
వాచీ ఓడ టైముకు పెట్టుకో,
సెల్లు ఆ ఊరి టైముకు తనంతట తానే మారిపోతాది.

ఓడోళ్ళ బస్సులో పోతే దుడ్లెక్కువ,
కానీ అది లేటైతే ఓడ నిలబడతాది.
సొంతంగా పోతే నిలబడదు.
ఒకనాడు మొగుడూ పెండ్లాము
రేవు గోడ మీంచి చేతులూపతా ఉంటే
గుండ్రం కిటికీలోంచి చూసినా.
మాకా రాత్రి రెండు దుప్పట్లు తక్కువొచ్చినాయి.

సాంతొరినీలో కొండమీదికి
దగ్గర దగ్గర ఆరు వందల మెట్లు.
అలిపిరి ఎక్కినోళ్ళకు ఇదొక లెక్కా అనుకుంటావు.
నీడ లేదు, గాడిదల పేడ, కాలు జారతాది.
తీగబండికి క్యూలో నిలబడు,
క్యూ మనకు కొత్తా?
బార్సిలోనాలో జేబు మీద చెయ్యి పెట్టుకో,
గరుడసేవ నాటి మందిలో పెట్టుకున్నట్టే.
చర్చిలోకి మోకాళ్ళు, భుజాలు కప్పుకోనే పోవాల.
అది నీకు చెప్పాల్నా.

పది రేవులుంటే
రెండింట్లో ఏమీ పెట్టుకోవద్దు మామా.

నేపుల్స్‌లో నాకు దొరికింది రెండే గంటలు.
కోటా చూళ్ళేదు, కొండా చూళ్ళేదు.
ఒక సందులో ఇంటికీ ఇంటికీ నడుమ
తాళ్ళమీద గుడ్డలారేసుంటే
కింద నిలబడి చూస్తా ఉండా.
ఒక చొక్కా జారి నా భుజమ్మీద పడింది.
మడతబెట్టి గడపమీద పెట్టినా.
దిగొచ్చిన ముసలామె చొక్కా చూసింది,
మడత చూసింది,
నా చేతులు చూసింది.
లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది.
ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు.
తొమ్మిదేండ్లలో నేను దిగిన ఊరు అదొక్కటే.

మనూరికీ దినామూ ఓడలొస్తాయి,
చక్రాలుంటాయి అంతే.
టోకెను చేతబట్టుకోని ఈడికొచ్చి
"పది నిమిషాల్లో పంచె ఇస్త్రీ అయితాదా" అంటారు.
కొండ చూస్తారు, లడ్డూ తీసుకుంటారు, బస్సెక్కుతారు.
కింద ఊరొకటుందని తెలీదు.
తప్పు పట్టను,
వాళ్ళ ఓడ టైము వాళ్ళది.
ఒకాయన మాత్రం పోయినేడు
బస్సు రాలేదని ఇదే బల్లమీద కూర్చోని
బొగ్గుల్లోకి చూస్తా గంట సేపున్నాడు.
పేరు గూడా అడగలా నేను.

సరే, చొక్కాలు ఎనిమిది, అత్త చీరలు మూడు.
దుడ్లు తిరిగొచ్చినాక ఇద్దువులే.
వేడిమీదే పెట్టెలో కుక్కొద్దు,
ముడతలొస్తాయి.
చల్లారనీ.